సుల్తాన్ బజార్ తొవ్వ

మా చరిత్ర రాసినవాళ్ళు మా చేతుల గురించి కొంత రాశారు. దున్నిన చేతులు, తోలు కోసిన చేతులు, డప్పు కొట్టిన చేతులు. కాళ్ళ గురించి రాసింది తక్కువ. ఆ కాళ్ళ పక్కన నడిచిన చిన్న కాళ్ళ గురించి రాసింది ఇంకా తక్కువ. పల్లె నుంచి పట్నానికి, పట్నం నుంచి మళ్ళీ పల్లెకు, కరువులో, వెట్టిలో, జాతరకు, దవాఖానకు, సభకు మావాళ్ళు ఎన్ని మైళ్ళు నడిచారో లెక్కబెట్టిన పుస్తకం లేదు. రాజులు దండెత్తిపోయిన తొవ్వలకు పటాలున్నాయి. సంకన ఒకణ్ణి, మెడల మీద ఒకణ్ణి ఎత్తుకుని, ఇంకొకణ్ణి వేలు పట్టి నడిపించుకుంటూ మా తల్లులు పోయిన తొవ్వకు పటం లేదు.

ఇప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని దూరం నడవడం ఒక సరదా, ఒక ఆరోగ్యం. ఆదివారం పూట పట్నంలో కొన్ని కుటుంబాలు పిల్లలతో కలిసి పాత కట్టడాల చుట్టూ నడుస్తాయి. నీళ్ళ సీసా పెట్టుకోండి, మెత్తటి బూట్లు తొడగండి, పిల్లవాడు అలిసిపోతే ఆగండి అని పత్రికలు సలహాలు రాస్తాయి. మంచి సలహాలే. వాటిని వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. నేను అడిగేది వేరే. పిల్లవాడు అలిసినచోట ఆగే హక్కు తల్లిదండ్రులందరికీ ఎప్పుడూ ఉందా? ఎప్పుడు బయల్దేరాలో, ఏ తొవ్వన పోవాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ నీళ్ళు తాగాలో మావాళ్ళు తామే తేల్చుకోగలిగింది ఏనాటి నుంచి? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి పోతే అది మా ఉద్యమ చరిత్రే అవుతుంది. మా తాత మా నాయినను, మా నాయిన మమ్మల్ని వెంటబెట్టుకుని నడిచింది ఒకే తొవ్వ. అది సుల్తాన్ బజార్ తొవ్వ. కానీ తాత నడిపించిన నడక వేరు, నాయిన నడిపించిన నడక వేరు. ఆ తేడా ఎట్లా వచ్చిందో చెప్పాలి.

మా ఊరు హయత్‌నగర్ అవతల, విజయవాడ రోడ్డు నుంచి లోపలికి రెండు కోసులు. మాది మాదిగవాడ. నిజాం కాలంలో వాడకు వెట్టి వంతులుండేవి. పటేలు, పట్వారీ, గిర్దావర్ ఎవరు ఊళ్ళోకి దిగినా వాళ్ళ సామాను మోయడం, కబురు మోయడం, గుర్రానికి గడ్డి తేవడం, దొర కచ్చురం పోతుంటే ముందు ఉరకడం ఆ రోజు వంతు వచ్చిన ఇంటి పని. కూలి లేదు. వంతు మనిషికి కాదు, ఇంటికి. విద్యార్థి మిత్రులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఇంటికి వంతు అంటే ఇంటి పెద్దకు జ్వరమొస్తే పెండ్లాం పోవాలి. ఆమె బాలింత అయితే ఎనిమిదేండ్ల పిల్లగాడు పోవాలి. అందుకే పెద్దవాడు మూట మోస్తుంటే పక్కన పిల్లగాణ్ణి కూడా నడిపించేవాళ్ళు. వాని నెత్తి మీద చిన్న మూట. తొవ్వ తెలిస్తే రేపు వాడే మోస్తాడు కదా అని. దూరపు నడకలో మా పిల్లలకు మొదటి పాఠం అట్లా నేర్పారు. ఈ బతుకునే భాగ్యరెడ్డివర్మ తన 'భాగ్యనగర్' పత్రికలో 'వెట్టి మాదిగ' అనే పేరుతో నవలగా రాశాడు. ఆ పత్రిక 1931లో మొదలైంది.

మా తాత నాయినను అట్లాగే ఒకసారి పట్నం దాకా నడిపించాడు. ఏ సంవత్సరమో ఖచ్చితంగా తెలియదు. మావాళ్ళకు పుట్టిన తేదీలే ఉండవు, నడిచిన తేదీలెక్కడివి? అయితే "అప్పటికి భాగ్యరెడ్డివర్మ బతికే ఉండె" అని తాత అనేవాడట. ఆయన చనిపోయింది 1939 ఫిబ్రవరిలో. నాయినకు అప్పుడు ఏడో ఎనిమిదో. కాబట్టి 1930ల నడుమ ఎప్పుడో. ఒక అధికారి సామాను పట్నంలో దించి రావాలి. అధికారి గుర్రం మీద, తాత నెత్తిన పెట్టె, నాయిన నెత్తిన పరుపు చుట్ట. పద్నాలుగు మైళ్ళ తొవ్వ. గుర్రం ఎక్కడ ఆగితే వీళ్ళు అక్కడ ఆగాలి. పిల్లగాడు ఆగినచోట గుర్రం ఆగదు. "నా కాళ్ళకు ఏం దెల్సు కొడుకా, గుర్రం కాళ్ళే నాకు లెక్క" అని నాయిన ఆ నడక గురించి చెప్పేవాడు.

సామాను దించాల్సింది రెసిడెన్సీ పక్క బజారులో. ఆ బజారు సంగతి కొంచెం చెప్పాలి. మూసీకి ఉత్తరాన 1803లో కిర్క్‌పాట్రిక్ అనే ఇంగ్లీషు రెసిడెంటు పెద్ద భవంతి కట్టడం మొదలుపెట్టాడు. దాని చుట్టూ పెరిగిన బజార్లు రెసిడెన్సీ బజార్లు. ఊరు నిజాముది, ఆ బజార్లలో పెత్తనం ఇంగ్లీషువాళ్ళది. 1933లో ఆ బజార్లను నిజాముకు తిరిగి ఇచ్చారు. ఆ తర్వాతే సుల్తాన్ బజార్ అనే పేరు స్థిరపడింది. నిజాం ఏలుబడిలో సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి కావాలి. రెసిడెన్సీ బజార్లలో ఆ పట్టు కొంత సడలింది. అందుకే కొత్త సంఘాలు ఎక్కువగా ఈ చుట్టుపక్కలే మొలిచాయి. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో ఇక్కడే పుట్టింది. ఆర్యసమాజం అంతకుముందే 1892లో వచ్చింది. ఈ రెండింటి చరిత్రా పుస్తకాల్లో ఉంది. పక్క గల్లీలో మావాళ్ళు చేసిన పని మాత్రం చాలా పుస్తకాల్లో ఒక పేరాకు మించదు.

భాగ్యరెడ్డివర్మ అసలు పేరు మాదరి భాగయ్య. 1888లో హైదరాబాదులోనే పుట్టాడు, మాల కుటుంబంలో. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1911లో అది మన్య సంఘం అయింది, తర్వాత ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. 1910లో సుల్తాన్ బజార్ పక్కనున్న ఇసామియా బజార్‌లో అంటరాని పిల్లలకు బడి తెరిచాడు. సర్కారు చదువు ఉర్దూలో సాగే రోజుల్లో ఆ బడి తెలుగులో నడిచింది. అట్లా 26 బడుల దాకా పెంచాడు. 1917లో బెజవాడలో జరిగిన మహాసభకు అధ్యక్షుడుగా పోయి, మనం పంచములం కాదు, ఈ నేల ఆదివాసులం అని చెప్పాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలోని మావాళ్ళను ఆది హిందువులుగా రాయించిన ఉద్యమం ఆయనది, ఆయన తోటివాళ్ళది. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ నిలబెట్టిందీ వాళ్ళే. ఇదంతా మా తాతకు తెలియదు. ఆయన విన్నది ఒకటే.

సామాను దించి మళ్ళీ చాదర్‌ఘాట్ దిక్కు వస్తుంటే ఒక ఇంటి లోపల నుంచి పిల్లలు ముక్తకంఠంగా అక్షరాలు చదువుతున్నారట. తాత అరుగు కింద నిలబడి అడిగాడట, "ఎవల పిల్లలయ్యా వీళ్ళు?" అని. "మనోళ్ళే" అన్నారట. మనోళ్ళ పిల్లలు కూర్చున్నారు. నడవడం లేదు, మోయడం లేదు, కూర్చుని చదువుతున్నారు. నాయిన ఆ ముచ్చట చెప్పిన ప్రతిసారీ "కూసున్నరు కొడుకా" అనే మాట దగ్గర ఆగేవాడు. ఏడేండ్ల పిల్లగాని కాళ్ళు పద్నాలుగు మైళ్ళు నడిచి వాచి ఉంటే, వాడికి బడిలో మొదట కనిపించేది పలకా? కాదు, కూర్చున్న పిల్లలే కనిపిస్తారు. తాత చాన ఏండ్ల తర్వాత నాయినతో అన్నాడట, "నిన్ను ఆడ ఇడిచిపెడదునా అనుకున్న బిడ్డా. ఇడిచిపెడితె వంతు ఎవలు మోస్తరు?" అని. నాయిన ఆ బడిలో కూర్చోలేదు. తిరిగి పద్నాలుగు మైళ్ళు నడిచాడు. అయితే తొవ్వ నేర్చుకున్నాడు. పటేలు కోరుకున్న తొవ్వ ఒకటి, నాయిన నేర్చుకున్న తొవ్వ ఒకటి.

నేను నడిచింది 1966 నుంచి 1971 దాకా. అప్పటికి నిజాం పోయాడు, వెట్టి చట్టంలో పోయింది, రాజ్యాంగం వచ్చింది. బస్సులూ వచ్చాయి. మా దగ్గర బస్సు పైసలు లేవు. అయిదుగురం పోయిరావడానికి అయ్యే కిరాయితో వారం రోజుల జొన్నలొచ్చేవి. నాయిన కిర్రు చెప్పులు కుట్టేవాడు. రెండు మూడు నెలలకొకసారి ఎనిమిదో పదో జతలు మూటగట్టి పట్నంలో ఒక దుకాణానికి ఇచ్చి వచ్చేవాడు. ఆయన ఒక్కడే పోయి రావచ్చు. పిల్లల్ని ఎందుకు తీసుకుపోవాలి? ఇప్పటి పిల్లలు ఇదే అడుగుతారు.

ఎందుకంటే, అవ్వ కూడా పోవాలి. తిరిగి వచ్చేటప్పుడు ఉప్పు, మిరప, పాత బట్టలు మోయడానికి ఇంకో నెత్తి కావాలి. అవ్వ పోతే పిల్లల్ని ఎవరి దగ్గర పెడుతుంది? వాడలో పెట్టొచ్చు. అక్కడే ఉంది అసలు సంగతి. తల్లిదండ్రులు ఊళ్ళో లేని పిల్లల మీద పెద్దింటి కన్ను పడేది. "ఉత్తగనే ఉన్నడు గద, బర్లకాడికి పంపున్రి" అని కబురొచ్చేది. ఒక పూట బర్ల దగ్గరికి పోయినవాడు రెండో పూట కూడా పోవాలి. వారం పోతే జీతగాడు. మా పెద్దనాయిన కొడుకు అట్లాగే జీతానికి కుదిరిపోయాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు, వాని తల్లినీ అడగలేదు. అందుకే అవ్వ "సచ్చినా బతికినా నా ఎనకనే రాండ్రి" అనేది. పిల్లల్ని అంత దూరం నడిపించడం కఠినత్వం అని ఎవరైనా అంటే, వాళ్ళు ఇంటి దగ్గర ఏం కాచుకుని ఉందో చూడలేదని అర్థం. మా అవ్వకు నడకే కాపలా.

రెండో కోడి కూతకు లేచేవాళ్ళం. చలికాలమైతే గొంగడి, ఎండాకాలమైతే తడిపిన గుడ్డ. సద్దిమూటలో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, తొక్కు. సొరకాయ బుర్రలో నీళ్ళు. ముందు నాయిన, నడుమ మేం, వెనుక అవ్వ. తమ్ముడు చిన్నవాడు. మొదటి రెండు కోసులు అవ్వ సంకన, తర్వాత నాయిన మెడల మీద. చీకటుండగానే ఊరు దాటాలి. చీకట్లో దాటితే చెప్పులు చేతిలో పట్టుకునే బాధ తప్పుతుంది. ఊరికంతటికీ చెప్పులు కుట్టిన మనిషి పెద్దిండ్ల ముందు తన చెప్పులు చేతిలో పట్టుకుని నడవాలి. నాయిన పొలిమేర రాయి దాటినంక చెప్పులేసుకునేవాడు. వేసుకుని రెండడుగులు కిర్రు కిర్రుమని గట్టిగా వేసేవాడు. మేం నవ్వేవాళ్ళం.

పిల్లల్ని అంత దూరం నడిపించడం ఒక విద్య. అది మా అవ్వకు తెలుసు. ఎంత దూరముందో ఎప్పుడూ మొత్తం చెప్పేది కాదు. "ఆ చింతచెట్టు దాక" అనేది. చింతచెట్టు దగ్గర చింతచిగురు కోసి చేతిలో పెట్టేది, తర్వాత "ఆ రాయి దాక" అనేది. రోడ్డెక్కినంక కిలోమీటరు రాళ్ళుండేవి. హైదరాబాదు దగ్గరపడేకొద్దీ అంకె తగ్గుతుంది. అక్క అప్పటికి రెండో తరగతి. ఒక్కో రాయి దగ్గర కూర్చోబెట్టి నాతో అంకె చదివించేది. నేను బడిలో చేరకముందే అంకెలు నేర్చుకున్నాను, అదీ పెద్దదాని నుంచి చిన్నదానికి. కొంతమంది పిల్లలు ఒకటి నుంచి మొదలుపెడతారు. నేను ఇంటికెంత దూరమొచ్చానో, పట్నానికెంత దూరమున్నానో దాని నుంచి మొదలుపెట్టాను.

నీళ్ళ దగ్గర మాత్రం అవ్వ విద్య పనిచేసేది కాదు. సొరకాయ బుర్ర హయత్‌నగర్ దాకా వచ్చేది. తర్వాత తొవ్వ పక్క బావులున్నాయి. బావి మీదికి మేం ఎక్కొద్దు. ఎవరైనా చేదుకునేవాళ్ళు వచ్చేదాకా కూర్చోవాలి. వస్తే దూరం నుంచి దోసిట్లో పోస్తారు. పోసేవాళ్ళ మనసు ఎట్లుంటే నీళ్ళు అట్ల. చిన్నపిల్లల దోసిట్లో నీళ్ళు నిలవవు, సందుల్లోంచి కారిపోతాయి. తమ్ముడికి సగం నీళ్ళు కూడా గొంతులో పడేవి కావు. అవ్వ తన దోసిట్లో పట్టి వాడికి తాగించి, తను తాగకుండానే లేచేది. ఇంకోసారి పొయ్యమని అడగడానికి నోరు రాక.

నేను చానా ఏండ్ల తర్వాత అంబేద్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివాను. అందులో 1901 నాటి ప్రయాణముంది. ఆయనకు అప్పుడు తొమ్మిది, పదేండ్లు. అన్న, అక్క కొడుకులిద్దరు వెంట. గోరెగావ్‌లో కొలువు చేస్తున్న తండ్రి దగ్గరికి కొత్త బట్టలేసుకుని బయల్దేరారు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. మహార్ పిల్లలని తెలిసినంక బండి కట్టేవాడు లేడు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు, బండి మాత్రం పిల్లలే తోలుకోవాలి, వాడు పక్కన నడుస్తాడు. అన్నం మూట చేతిలో ఉంది, నీళ్ళు దొరకవు. రాత్రంతా ఆకలితో, దాహంతో పడుకున్నారు. ఇది చదువుతుంటే నాకు అంబేద్కర్ మహానాయకుడుగా కనిపించలేదు. మా తమ్ముడి దోసిలి కనిపించింది. పెద్దవాళ్ళు అంటరానితనం గురించి చాన రాశారు. పిల్లలకు అంటరానితనం మొదట నీళ్ళ దగ్గర, తొవ్వలో, ఇంటికి దూరమైనప్పుడు తెలుస్తుందని ఆయన రాశాడు. 1934లో మన నిజాం రాజ్యంలోనే, దౌలతాబాద్ కోట చూడబోయి అక్కడి చెరువులో మొహం కడుక్కున్నందుకు ఆయననూ ఆయన వెంట వచ్చినవాళ్ళనూ తిట్టి అడ్డుకున్నారు. ఆ ముచ్చట కూడా అదే పుస్తకంలో ఉంది. హిందువులు ఒకచోట, ముస్లిములు ఒకచోట. తొవ్వ నడిచేవాడికి ఇద్దరి నీళ్ళూ ఒకటే దూరం.

మలక్‌పేట దగ్గర రోడ్డు పక్క సర్కారు నల్లా ఉండేది. అక్కడికి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కేది. అవ్వ మొదటిసారి నన్ను ఆ నల్లా దగ్గర నిలబెట్టి, "తిప్పు" అన్నది. నేను అటూ ఇటూ చూశాను, పోసేవాళ్ళెవరని. "ఎవలు రారు. ఎవలు తిప్పినా ఒస్తయి. తిప్పు బిడ్డా" అన్నది. తిప్పాను. నీళ్ళొచ్చాయి. ఎంతసేపు తాగినా ఎవరూ ఏమీ అనలేదు. పట్నంలో కులం లేదని నేను చెప్పడం లేదు. ఇల్లు కిరాయికి అడిగినప్పుడు, పెండ్లి సంబంధం అడిగినప్పుడు పట్నం కులం బయటికొస్తుంది. కానీ ఆరేండ్ల పిల్లగానికి ఆ నల్లా రాజ్యాంగం పదిహేడో అధికరణం కంటే ముందు అర్థమైంది. నాయినకు వంతు మోసిన తొవ్వ మీదనే నాకు నల్లా దొరికింది. ఈ రెండింటి నడుమ జరిగినదాని పేరే ఉద్యమం.

చాదర్‌ఘాట్ వంతెన దాటితే మూసీ ఒడ్డు బస్తీలో మా మేనత్త గుడిసె. అక్కడ కాళ్ళు చాపేవాళ్ళం. చల్లబడ్డాక సుల్తాన్ బజార్. బడీచౌడీ కూరగాయల వాసన, గుజరాతీ గల్లీ గుడ్డల దుకాణాలు, ఉర్దూ, మరాఠీ, మార్వాడీ, తెలుగు అన్నీ కలిసిన అరుపులు. "ఆవో అమ్మా, దేఖో అమ్మా" అని మా అవ్వను పిలిచేవాళ్ళు. ఊళ్ళో ఆమెను "ఏమే" అనడమే. అమ్మా అని పిలిచేది సరుకు అమ్ముకోవడానికే అని ఆమెకూ తెలుసు. అయినా ఆ బజారులో ఆమె నడక మారేది. వంగిన నడుము లేచేది. తుకిడీ గుడ్డలు కొనకపోయినా నాలుగు దుకాణాల్లో బేరమాడేది. నాయిన మాత్రం ప్రతిసారీ మమ్మల్ని ఇసామియా బజార్ దిక్కు తీసుకుపోయి, ఒక అరుగు చూపించి, "ఈడనే" అనేవాడు. ఆ అరుగు అదో కాదో ఆయనకే ఖచ్చితంగా తెలియదు. మాకు పిప్పరమెంట్ల మీద ధ్యాస. ఆయనకు ఆ గల్లీ యాత్రాస్థలం.

ఈ నడకను పొగడడానికి నేను సిద్ధంగా లేను. కష్టాన్ని అందంగా చూపించే రాతలు మా మీద చాన వచ్చాయి. 1968 వేసవిలో తారురోడ్డు కాలి అక్క అరికాళ్ళు బొబ్బలెక్కాయి. పగిలి, చీము పట్టి, రెండు నెలలు కుంటింది. చెప్పులు కుట్టే ఇంటి పిల్లకు చెప్పుల్లేవు. తోలు అమ్మకానికి, పిల్లల కాళ్ళు పెరిగే కాళ్ళు, ఒక జత ఆరునెలలకు పనికిరాదు. ఆ తర్వాత నాయిన తోలు ముక్కలు అతికించి ముగ్గురికీ చెప్పులు కుట్టాడు. అప్పటికే రబ్బరు చెప్పులు బజారు నింపుతున్నాయి. 1971కి వచ్చేసరికి దుకాణాయన కిర్రు చెప్పులు వద్దన్నాడు. మా పట్నం నడక అట్లా ఆగింది. అయితే ఆ ఏడే నాయిన అక్కను పట్నంలో సర్కారు హాస్టల్లో చేర్పించి వచ్చాడు. ఆమెను అక్కడ "ఇడిచిపెట్టి" వచ్చాడు. తాత చేయలేని పని అది. వంతు లేదు కాబట్టి చేయగలిగాడు. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు నాయిన బస్సెక్కమన్నా ఎక్కకుండా నడిచే వచ్చాడని మేనత్త చెప్పేది.

ఇక్కడితో ఆపితే ఇది మా ఇంటి ముచ్చటే అవుతుంది. 1985లో నేను విద్యార్థి సంఘంలో ఉన్నాను. జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర, మావాళ్ళు తాగే నీళ్ళను మురికి చేయొద్దన్నందుకు, మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచినందుకు మొదలైన దాడి. మళ్ళీ నీళ్ళే. వాడ మొత్తం పిల్లాజెల్లాతో చేలకడ్డంపడి చీరాలకు నడిచింది. నేను కొందరు మిత్రులతో కలిసి చీరాల శిబిరానికి పోయాను. ఒక తల్లి నాతో అన్నది, "చిన్నోణ్ణి సంకనేసుకున్నా, పెద్దోడు ఏడ్వకుండా నోరు మూశా. అంతే నాకు గుర్తు." ఆమెకు చింతచెట్టు దాకా అని చెప్పే తీరిక లేదు. పిల్లవాడు ఏడిస్తే ప్రాణం పోయే నడక అది. ఆ శిబిరం నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందుండి 1985 సెప్టెంబరులో దళిత మహాసభను నిలబెట్టారు. పారిపోయి వచ్చిన కుటుంబాలు తిరిగి ఆ ఊరికి పోము, ఇక్కడే ఉంటామని తేల్చుకున్నాయి. భయంతో మొదలైన నడకను నిర్ణయంగా మార్చింది ఆ తల్లులే.

ఇంకో సంగతి. 1857లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠి రెసిడెన్సీ మీద దాడి చేసింది కూడా జూలై 17నే. దానికి కోఠిలో స్మారకం ఉంది, ఉండాలి కూడా. అయితే కారంచేడు జూలై 17 మా పిల్లల బడి పుస్తకంలో ఎక్కడుంది? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు తెనాలికి పిల్లలతో నడిచిన కుటుంబాల సంగతి ఎక్కడుంది? చంపబడ్డవాళ్ళను లెక్కపెట్టాం. పిల్లల్ని ఎత్తుకుని నడిచినవాళ్ళను లెక్కపెట్టలేదు.

ఆ నడక ఇరవయ్యో శతాబ్దంతో అయిపోలేదు. 2020 మార్చి 25 నుంచి దేశమంతా తాళం వేశారు. హైదరాబాదులో ఇండ్లు కట్టిన కూలీలు మేడ్చల్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి నడిచారు, నెత్తిన సంచి, సంకన బిడ్డ. ఆ ఏప్రిల్‌లోనే మన తెలంగాణ మిరప చేలల్లో పనికొచ్చిన పన్నెండేండ్ల ఆదివాసీ పిల్ల బస్తర్‌లోని ఇంటికి నడుస్తూ, ఇల్లు ఇంకొంత దూరముందనగా చనిపోయింది. లింగంపల్లి నుంచి మొదటి శ్రామిక రైలు కదిలింది మే 1న. రైలు ఉంది, పట్టాలున్నాయి, దాన్ని నడపాలన్న ఆలోచన రావడానికి అయిదు వారాలు పట్టింది. 2024 అక్టోబరులో చాదర్‌ఘాట్ దగ్గర మూసీ బస్తీల్లో ఇండ్లు కూల్చారు. మా మేనత్త గుడిసె ఉన్న ఒడ్డు అది. వేరేచోట ఇండ్లిచ్చామన్నారు. ఇల్లు మారినంత సులువుగా పిల్లల బడి మారదు.

మారినవి లేవని కాదు. 2020 ఫిబ్రవరి నుంచి సుల్తాన్ బజార్‌లో మెట్రో స్టేషన్ ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితం. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళను చూస్తుంటే నాకు అవ్వ లెక్క యాదికొస్తుంది. కిరాయి పైసలకు వారం జొన్నలు. ఉచిత బస్సు అంటే ఒక తల్లి తన పిల్ల అరికాళ్ళను కాపాడుకోవడం. ఆ సౌకర్యం దయ కాదు, తరాల నడకకు బాకీ కింద వచ్చిన చిన్న వాయిదా. పాత రెసిడెన్సీ ఇప్పుడు ఆడపిల్లల విశ్వవిద్యాలయం, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. అక్కడికి వచ్చే విహారయాత్రల్లో కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ తప్పక చెబుతారు. గోడ దాటి ఇసామియా బజార్ దాకా ఇంకో పది నిమిషాలు నడిపించి, 1910లో ఇక్కడ అంటరాని పిల్లలు కూర్చుని చదువుకున్నారని చెప్పేవాళ్ళు కావాలి.

విద్యార్థి మిత్రులకు, కార్యకర్తలకు ఒక పని చెప్పి ముగిస్తాను. ఏప్రిల్ 14 సభల్లో ఉపన్యాసాలు చాలానే ఉంటాయి. మీ వాడలో అరవై దాటిన తల్లుల దగ్గర కూర్చోండి. నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోండి. పిల్లలతో మీరు నడిచిన అన్నిటికంటే దూరపు నడక ఏది? ఎందుకు నడిచారు? ఎవరిని ఎత్తుకున్నారు, ఎవరిని నడిపించారు? నీళ్ళు ఎక్కడ తాగారు? ఊరి పేరు, తొవ్వ పేరు, తెలిస్తే ఏడాది రాయండి. ఏడాది తెలియకపోతే అప్పుడు ఏ కరువు, ఏ వరద, ఎవరు బతికున్నారో అడగండి, దొరుకుతుంది. ఆ కాగితాలు పదివేలు పోగైతే మన పటం మనం గీసుకోవచ్చు. వాళ్ళు ముసలివాళ్ళు. ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టండి.